టైమ్‌లైన్ ఆగకుండా: సినిమా పనికి ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, స్టోరేజీ ఎంపిక

కొత్త ల్యాప్‌టాప్ ఆర్డరు పెట్టేటప్పుడు ధరను బాగా పెంచేవాటిలో ముఖ్యమైనవి రెండు: ప్రాసెసర్, స్టోరేజీ. ఇంట్లో ఉత్తరాలు రాసుకోవడానికి, సినిమాలు చూడటానికి కొనే యంత్రంలో ఈ రెంటినీ కాస్త అటూ ఇటూగా ఎంచుకున్నా పెద్ద నష్టం ఉండదు. సినిమాలు చూడటానికి కాక తీయడానికి కొనేవారి సంగతి వేరు. హైదరాబాద్‌లో బంజారా హిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతంలో అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోల ఎడిట్ గదుల నుంచి కృష్ణానగర్‌లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి అద్దెకు తీసుకున్న గది దాకా, సినిమా ఏదో ఒక దశలో ల్యాప్‌టాప్ మీదుగానే వెళ్తోంది. సెట్లో కెమెరా కార్డుల కాపీ, స్పాట్ ఎడిటింగ్, టీజర్ కట్, లిరికల్ వీడియో, స్క్రిప్టు టైపింగ్ అన్నీ దాని మీదే. ఈ పనులన్నీ యంత్రాన్ని ఒకే చోట శ్రమపెట్టవు. ఏ పని ఎక్కడ శ్రమపెడుతుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ప్రాసెసర్‌ను కొన్నాక మార్చడం కుదరదు. దాదాపు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అది మదర్‌బోర్డుకు అతికే వస్తుంది. స్టోరేజీని మాత్రం చాలా విండోస్ యంత్రాల్లో తర్వాత పెంచుకోవచ్చు, ఏ యంత్రానికైనా బయట తగిలించుకోవచ్చు. కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మార్చలేనిదానికి ముందు కేటాయించి, మిగిలినదానితో స్టోరేజీ చూసుకోవడం మంచిది. మ్యాక్‌బుక్‌లలో లోపలి స్టోరేజీ కూడా మార్చలేనిదే కనుక అక్కడ లెక్క కొంత మారుతుంది.

స్టోరేజీ ఎంత కావాలన్నది ఫుటేజీ బరువును బట్టి ఉంటుంది. పెద్ద సినిమాలకు వాడే ఆరి అలెక్సా మినీ ఎల్ఎఫ్ కెమెరాలో సెన్సర్ మొత్తాన్నీ వాడుకుని, అంటే 4448 × 3096 పిక్సెళ్లతో, 12 బిట్ల రా రికార్డింగ్ చేస్తే ఒక్కో ఫ్రేమ్ 20 ఎంబీ దాటుతుంది. సెకనుకు 24 ఫ్రేములంటే దాదాపు 500 ఎంబీ, గంటకు 1.8 టీబీ. ఆ కెమెరాలో పెట్టే 1 టీబీ డ్రైవ్ అరగంట చిల్లరకే నిండిపోతుంది. ఒక సినిమాకు వంద గంటల ఫుటేజీ ఇలా తీశారనుకుంటే 180 టీబీ దగ్గర తేలుతుంది. అంత ఫుటేజీని ల్యాప్‌టాప్‌లో పెట్టుకునే ప్రశ్నే లేదు.

అందుకే ఎడిటర్ చేతికి ఒరిజినల్ రాదు, దాని తేలికపాటి నకలైన ప్రాక్సీ వస్తుంది. యాపిల్ ప్రోరెస్ ప్రాక్సీ రూపంలో 1080పీ ఫుటేజీ గంటకు 16 జీబీ మాత్రమే. అవే వంద గంటలు 1.6 టీబీలో ఇమిడిపోతాయి. కాస్త మెరుగైన ప్రోరెస్ ఎల్‌టీ అయితే గంటకు 37 జీబీ. కట్ ఖాయమయ్యాక దాని ప్రకారం ఒరిజినల్ ఫైళ్లను తిరిగి జతచేసి, రంగులు సరిచేసే డీఐకి పంపుతారు. రీళ్ల రోజుల్లో నెగెటివ్ ల్యాబులో భద్రంగా ఉండి ఎడిటర్ బల్ల మీద రష్ ప్రింటు ఒక్కటే తిరిగేది. పద్ధతి పెద్దగా మారలేదు, నెగెటివ్ ఉండాల్సిన చోటికి హార్డ్ డిస్కులు వచ్చాయి.

ప్రాసెసర్ విషయంలో కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది దాని పేరే. దుకాణంలో ఐ5, ఐ7 అన్న అంకెల దగ్గరే బేరం మొదలవుతుంది గానీ, అసలు సంగతి మోడల్ నంబరు చివరి అక్షరంలో ఉంటుంది. ఇంటెల్‌లో యు అంటే 15 వాట్ల చుట్టూ పనిచేసే పొదుపరి చిప్, హెచ్ అంటే 45 వాట్లది, హెచ్ఎక్స్ అంటే అంతకన్నా బలమైనది. 12వ తరంలోని ఐ7-1255యులో పెద్ద కోర్లు రెండే, చిన్నవి ఎనిమిది. అదే తరం ఐ5-12500హెచ్‌లో పెద్దవి నాలుగు, చిన్నవి ఎనిమిది. పావుగంట సాగే ఎక్స్‌పోర్టులో ఐ5 ముందుంటుంది, ఐ7 అన్న ముద్ర చూసి కొన్నవారు వెనకబడతారు. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ కోర్ అల్ట్రా అన్న కొత్త పేర్లకు మారింది. పేర్లు మారినా చివరి అక్షరాన్ని చూడాల్సిన అవసరం పోలేదు.

ఏఎండీ పేర్లలో మరో మెలిక ఉంది. రైజెన్ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లలో మొదటి అంకె ఏ ఏడాది సరుకో చెబుతుంది, లోపలి నిర్మాణం ఏ తరానిదో మూడో అంకె చెబుతుంది. 7520యులో మూడో అంకె 2, అంటే 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం. 7840యులో అది 4, అంటే జెన్ 4. రెండూ 7000 సిరీస్ పేరుతోనే పక్కపక్కన అమ్ముడయ్యాయి, శక్తిలో మాత్రం పొంతన లేదు.  

కోర్లు ఎన్ని కావాలన్నది పనిని బట్టి తేలుతుంది. టైమ్‌లైన్ మీద షాట్లు జరపడం, కట్ చేయడం, ట్రిమ్ చేయడం లాంటి వాటికి కొన్ని కోర్లు చాలు, అవి వేగంగా ఉండాలి. ప్రాక్సీలు తయారుచేయడం, ఎక్స్‌పోర్టు, త్రీడీ రెండరింగ్ లాంటివి ఎన్ని కోర్లిచ్చినా వాడుకుంటాయి. స్పాట్ ఎడిటర్‌కు మధ్యస్థమైన హెచ్ చిప్ సరిపోతుంది. గ్రాఫిక్స్ చేసేవారికి ఎంత పెద్ద ప్రాసెసరైనా చాలదు. మకుట లాంటి గ్రాఫిక్స్ సంస్థలు ‘ఈగ’, ‘బాహుబలి’ షాట్లను ల్యాప్‌టాప్‌ల మీద రెండర్ చేయలేదు, అలాంటి పనులకు వరసగా పేర్చిన యంత్రాల రెండర్ ఫారాలు ఉంటాయి. గ్రాఫిక్స్ కళాకారుడి ల్యాప్‌టాప్ షాట్ చూసుకోవడానికి, చిన్న మార్పులు చేసుకోవడానికి అయితే చాలు. ఆ మేరకు కొని మిగిలిన డబ్బు డెస్క్‌టాప్ మీద పెట్టడం లాభం.

అయితే ఎడిటింగ్‌కు కోర్ల సంఖ్య కంటే ముఖ్యమైనది ఒకటుంది. ప్రకటనల్లో దాని ఊసు దాదాపు కనిపించదు. అది వీడియోను విప్పి చూపించడానికి చిప్‌లో ప్రత్యేకంగా అమర్చిన మీడియా ఇంజిన్. హెచ్.264, హెచ్ఈవీసీ లాంటి కోడెక్‌లు ఫైలును చిన్నది చేయడానికి చాలా ఫ్రేముల్లో ముందు వెనుక ఫ్రేములతో ఉన్న తేడాను మాత్రమే రాస్తాయి. ఒక ఫ్రేమ్ చూపించాలంటే చుట్టుపక్కల ఫ్రేములన్నిటినీ విప్పాలి. ప్రోరెస్‌లో ఏ ఫ్రేముకాఫ్రేము పూర్తిగా ఉంటుంది, ఫైలు పెద్దది గానీ విప్పడం తేలిక. అంటే చిన్న ఫైలే యంత్రాన్ని ఎక్కువ కష్టపెడుతుంది. ఖరీదైన ఆరి ఫుటేజీ నుంచి తీసిన ప్రాక్సీతో హాయిగా నడిచే ల్యాప్‌టాప్, షార్ట్ ఫిల్మ్ కోసం మిర్రర్‌లెస్ కెమెరాలో తీసిన 4కే క్లిప్ దగ్గర ముక్కలు ముక్కలుగా ఆగి ఆగి నడవడానికి కారణం ఇదే.

ఇందులోనూ సూక్ష్మం ఉంది. సోనీ ఎఫ్ఎక్స్3 తరహా కెమెరాల్లో 10 బిట్లు, 4:2:2 రంగు సమాచారంతో హెచ్ఈవీసీ రికార్డింగ్ దొరుకుతుంది. వెబ్ సిరీస్‌లకు, ఇండిపెండెంట్ సినిమాలకు ఇవి బాగా అలవాటయ్యాయి. ఈ రకం ఫైలును విప్పే హార్డ్‌వేర్ ఇంటెల్ 11వ తరం నుంచి చిప్‌లోని గ్రాఫిక్స్‌లో ఉంది, యాపిల్ ఎం సిరీస్‌లో ఉంది. ఏఎండీ రైజెన్‌లోని గ్రాఫిక్స్‌కు లేదు. ఎన్విడియా కార్డులకు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా లేదు. కాబట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న రైజెన్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లో తడబడే క్లిప్, దానికన్నా చవకైన ఇంటెల్ యంత్రంలో సాఫీగా నడవవచ్చు. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ చిప్ ఉన్నా, లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేసి విడి కార్డు మీదే నడిపే సెట్టింగు ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఈ సాయం అందదు. యంత్రం ఏదైనా చివరి మందు ఒకటే: పని మొదలుపెట్టే ముందు ప్రాక్సీలు తయారుచేసుకోవడం. సమయం పడుతుంది గానీ పాత యంత్రాలను కూడా బతికిస్తుంది.

ప్రోరెస్‌కు ప్రత్యేక ఇంజిన్ యాపిల్ 2021లో ఎం1 ప్రో, ఎం1 మ్యాక్స్ చిప్‌లలో పెట్టింది, 2022 నాటి ఎం2 నుంచి సాధారణ చిప్‌లలోకీ వచ్చింది. 2020 నాటి మామూలు ఎం1లో అది లేదు. సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కోసం చూసేవారికి ఈ తేడా పనికొస్తుంది.

క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో 2024 నుంచి వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ విషయంలో మెచ్చుకోదగినవే. సినిమా పనికి తీసుకునే ముందు మాత్రం వాడే ప్లగిన్లు, ఆడియో ఇంటర్‌ఫేసుల డ్రైవర్లు ఆ చిప్ మీద నడుస్తాయో లేదో ఒక్కొక్కటీ చూసుకోవాలి. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో తెలుగు టైపు చేసే రచయితలకూ ఇది వర్తిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఇంటెల్, ఏఎండీ చిప్‌ల మీద నడిచే మామూలు విండోస్ కోసం తయారైనది. రచయిత పనికి అసలు ఏ చవకైన చిప్ అయినా సరిపోతుంది, మంచి కీబోర్డు ముఖ్యం. ఇక కృత్రిమ మేధ కోసమంటూ ఎన్‌పీయూ, 40 టాప్స్ అని పెట్టెల మీద అచ్చువేస్తున్నదానికి అదనంగా డబ్బు పెట్టాల్సినంత సాయం ఎడిటింగ్‌లో ఇంకా అందడం లేదు.

మెమరీ గురించి రెండు మాటలు, ఎందుకంటే అదీ చాలా యంత్రాల్లో అతికించే వస్తుంది. ఎడిటింగ్‌కు 16 జీబీ కనీసం, 4కే టైమ్‌లైన్‌కు, గ్రాఫిక్స్‌కు 32 జీబీ నిశ్చింత. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్‌లలో మెమరీ ప్రాసెసర్‌తో కలిసే ఉంటుంది, 16 లేదా 32 జీబీ, తర్వాత పెంచే దారి లేదు. డావిన్సీ రిజాల్వ్‌లో కలర్ పని చేసేవారు గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీని కూడా చూడాలి, 8 జీబీ కన్నా తక్కువైతే 4కేలో నాయిస్ తగ్గించే దగ్గర ఇబ్బంది ఎదురుకావచ్చు.

ఒకే ప్రాసెసర్ రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకేలా పనిచేయదు. ఐ7-12700హెచ్ మూల సామర్థ్యం 45 వాట్లు, కొద్దిసేపు 115 వాట్ల దాకా ఎగబాకగలదు. ఆ వేడిని బయటికి తోసే ఫ్యాన్లు, రాగి గొట్టాలు సన్నటి బాడీలో చాలవు, అప్పుడు చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో హైదరాబాద్ అవుట్‌డోర్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. యాపిల్ తన మ్యాక్‌బుక్‌లకు సూచించే పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ ఏసీ గదిలో మంచి ఎడిటింగ్ యంత్రం, టెంటు కింద గంటల తరబడి ప్రాక్సీలు చేయడానికి కాదు. సెట్లో వాడే యంత్రానికి కాస్త బరువైనా, మందమైనా ఫ్యాన్లున్న మోడలే మేలు. కరెంటు తీసేసి బ్యాటరీ మీద నడిపితే చాలా హెచ్, హెచ్ఎక్స్ ల్యాప్‌టాప్‌లు వేగం బాగా తగ్గించుకుంటాయి, మ్యాక్‌బుక్‌లలో ఆ తేడా తక్కువ.

స్టోరేజీలో ముందు ఎంపిక వేగం. పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు సెకనుకు 100 నుంచి 150 ఎంబీ ఇస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలలో పీసీఐఈ 3వ తరం 3,500, 4వ తరం 7,000, 5వ తరం 14,000 ఎంబీ దాకా వెళ్తాయి. ఈ అంకెలు ఆకర్షిస్తాయి గానీ, అవసరం ఎంతో చూస్తే వాటి బండారం తెలుస్తుంది. 1080పీ ప్రోరెస్ ప్రాక్సీ సెకనుకు కోరేది 4.5 ఎంబీ. 4కే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అయినా 88 ఎంబీ చుట్టూ. నాలుగు కెమెరాల పాటను 4కే హెచ్‌క్యూలో ఒకేసారి నడిపితే 350 ఎంబీ. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా మోయగలదు. ఎడిటింగ్ కోసమే అయితే 5వ తరం ఎస్‌ఎస్‌డీకి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

వేగం నిజంగా తెలిసేది కాపీ దగ్గర, అదీ ప్యాకప్ చెప్పాక. 1 టీబీ కార్డును హార్డ్ డిస్కులోకి తీయడానికి రెండు మూడు గంటలు పడుతుంది. 500 ఎంబీ వేగమున్న ఎస్‌ఎస్‌డీకి అరగంట చిల్లర, 10 గిగాబిట్ల యూఎస్‌బీ మీద నడిచే ఎన్‌వీఎంఈకి పావుగంట పైచిలుకు, థండర్‌బోల్ట్ డ్రైవ్‌కు ఆరేడు నిమిషాలు. కార్డు రీడరు, కేబులు, పోర్టు, డ్రైవ్ అనే నాలుగింటిలో ఏది నిదానమైతే మొత్తం దాని వేగానికే దిగుతుంది. లోపలి ఎస్‌ఎస్‌డీ 7,000దైనా పోర్టు 5 గిగాబిట్లదైతే సెకనుకు 450 ఎంబీ దాటదు. అందుకే డీఐటీ పనికి, అంటే సెట్లో ఫుటేజీని కాపీ చేసి భద్రపరిచే పనికి, ల్యాప్‌టాప్ ఎంచుకునేవారు ప్రాసెసర్ కంటే ముందు థండర్‌బోల్ట్ లేదా యూఎస్‌బీ4 పోర్టులు ఎన్నున్నాయో చూస్తారు. చూసేది చార్జర్ పెట్టాక మిగిలే పోర్టుల సంఖ్య.

కాపీ అయిందని స్క్రీన్ చెప్పినంత మాత్రాన డీఐటీ కార్డు తిరిగివ్వరు. సిల్వర్‌స్టాక్, ఆఫ్‌షూట్ (పూర్వపు హెడ్జ్), షాట్‌పుట్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లు మూలానికీ కాపీకీ చెక్‌సమ్ లెక్కగట్టి రెండూ ఒకటేనని తేల్చాకే కార్డు ఫార్మాట్‌కు వెళ్తుంది. రాసినదాన్నంతా మళ్లీ చదవాలి కాబట్టి సమయం దాదాపు రెట్టింపవుతుంది. మూడు కాపీలు, రెండు రకాల డ్రైవ్‌లు, ఒకటి వేరే చోట అన్నది పరిశ్రమలో స్థిరపడిన పద్ధతి. ఆ మూడింటిలో ల్యాప్‌టాప్ లోపలి స్టోరేజీని ఒకటిగా లెక్కేసుకోకపోవడం మంచిది. ల్యాప్‌టాప్ ఎప్పుడూ చేతులు మారుతూ, కింద పడుతూ ఉండే వస్తువు.

ఎస్‌ఎస్‌డీలో వేగం పక్కన రాయని సంగతి మరొకటుంది. చవక రకం క్యూఎల్‌సీ డ్రైవ్‌లలో కొంత భాగం వేగంగా రాసే క్యాషేగా పనిచేస్తుంది. అది నిండేదాకా ప్రకటించిన వేగం, నిండాక కొన్నిటిలో హార్డ్ డిస్కు స్థాయికి పడిపోతుంది. పది జీబీ ఫైలుతో పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు, 300 జీబీ కార్డు తీసేటప్పుడు బయటపడుతుంది. కెమెరా ఫుటేజీ రాసే డ్రైవ్‌కు టీఎల్‌సీ రకమే అడగాలి. డ్రైవ్ నిండుతున్నకొద్దీ ఈ క్యాషే కూడా కుదించుకుపోతుంది కనుక ఐదోవంతు ఖాళీగా ఉంచడం అలవాటు చేసుకోవాలి. అరిగిపోతుందన్న భయం మాత్రం ఎక్కువగా అనవసరం. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కు కంపెనీలు సాధారణంగా 600 టీబీ దాకా రాతకు హామీ ఇస్తాయి. రోజుకు 500 జీబీ రాసినా మూడేళ్లకు పైనే వస్తుంది.

ఇక ఎంత సామర్థ్యం కావాలి? ఆపరేటింగ్ సిస్టమ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు, సౌండ్ లైబ్రరీలు కలిసి సులువుగా 200 జీబీ దాటుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే క్యాషే, ప్రివ్యూ ఫైళ్లు మరో వంద రెండు వందల జీబీ తింటాయి. 1 టీబీ అని అమ్మేది విండోస్‌లో 931గా కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. ఈ లెక్కన 512 జీబీ ఇరుకు, 1 టీబీ సరి. 2 టీబీ, ఆ పైన కావాల్సింది సినిమా మొత్తం ప్రాక్సీలను వెంట తీసుకెళ్లే ఎడిటర్‌కు. విండోస్ ల్యాప్‌టాప్‌లో రెండో ఎం.2 స్లాటు ఉంటే 512తో తీసుకుని, బయట మార్కెట్లో 2 టీబీ కొని పెట్టించుకోవడం చాలాసార్లు కంపెనీ అడిగేదానికన్నా చవక. స్లాటు పొడవు ముందే చూసుకోవాలి: 2280, 2242, 2230 మూడూ వాడుకలో ఉన్నాయి, పొడవాటి డ్రైవ్ పొట్టి స్లాటులో పట్టదు. అయితే 2025 చివరి నుంచి డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ, ఎస్‌ఎస్‌డీ ధరలు పెరిగాయి, తర్వాత పెంచుకుందాంలే అన్న ధీమా మునుపటంత లేదు.

మ్యాక్‌బుక్‌లో స్టోరేజీ పెంచడానికి యాపిల్ అడిగే ధర ఎప్పుడూ ఘాటే. అయినా అన్నిటికన్నా చిన్న సామర్థ్యం తీసుకోవడంలో ఒక చిక్కుంది. 2022లో ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ 256 జీబీ మోడల్‌లో రెండు చిప్‌లకు బదులు ఒకే చిప్ పెట్టడంతో ఎస్‌ఎస్‌డీ చదివే వేగం ఎం1 దానిలో దాదాపు సగానికి తగ్గింది. అక్కడ మెమరీకి, స్టోరేజీకి ఒక మెట్టు పైకి వెళ్లి, ప్రాసెసర్‌లో ఒక మెట్టు కిందికి దిగడం చాలామంది ఎడిటర్లకు నప్పుతుంది. ఫుటేజీ బయటి థండర్‌బోల్ట్ డ్రైవ్‌లో ఉండాలి.

బయటి డ్రైవ్‌ను ఏ ఫార్మాట్‌లో తయారుచేయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపించి పెద్ద గొడవలు తెస్తుంది. మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ను చదువుతుంది, అందులో రాయదు. ఏపీఎఫ్ఎస్‌ను విండోస్ గుర్తించదు. రెండిటి మధ్యా తిరిగే డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ తప్పదు, కానీ కాపీ మధ్యలో కేబులు లాగేస్తే పాడైపోయే ప్రమాదం అందులో ఎక్కువ. ఒకే సినిమాకు పనిచేసే డీఐటీ, ఎడిటర్, గ్రాఫిక్స్ బృందం మొదటి రోజే ఒక ఫార్మాట్ అనుకోవాలి.

తాళం సంగతి కూడా ఆర్డరులో భాగమే. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ మొదటి భాగం విడుదలకు ముందే బయటికి వచ్చినప్పటి నుంచి తెలుగు నిర్మాతలు ఫుటేజీ విషయంలో జాగ్రత్త పెంచారు. విండోస్ హోమ్‌లో లోపలి డ్రైవ్‌కు పరిమిత రక్షణ ఉంటుంది, బయటి డ్రైవ్‌లకు బిట్‌లాకర్ తాళం వేయాలంటే ప్రో కావాలి. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ అన్ని మోడళ్లలోనూ వస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లలో ఈ ఎన్‌క్రిప్షన్‌కు ప్రత్యేక ఆదేశాలున్నందున మామూలు ఎడిటింగ్‌లో వేగం పెద్దగా తగ్గదు. రికవరీ కీ మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరేచోట ఉండాలి.

ఇలాంటి యంత్రాలు కంపెనీ వెబ్‌సైట్లో కోరుకున్న కాన్ఫిగరేషన్‌తో ఆర్డరు పెట్టుకోవచ్చు, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో చేతిలో పట్టుకుని చూసి బేరమాడవచ్చు. దుకాణంలో ఒకే మోడల్ పేరుతో మూడు నాలుగు రకాలు ఉంటాయి కాబట్టి పేరు కాక పూర్తి పార్ట్ నంబరు అడగాలి, బిల్లులో అదే రాయించాలి. ఇంటికొచ్చాక మొదటి రోజే ప్రాసెసర్ పూర్తి పేరు, మెమరీ, ఎస్‌ఎస్‌డీ మోడల్ సరిచూసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ స్మార్ట్ వివరాల్లో ఎన్ని గంటలు నడిచింది, ఎంత రాసింది అన్నవి కనిపిస్తాయి. కొత్తదైతే అవి సున్నాకు దగ్గరగా ఉంటాయి. 200 జీబీ ఫైళ్లను ఒకేసారి రాయించి వేగం ఎక్కడ పడిపోతుందో, తన కెమెరా క్లిప్‌ను టైమ్‌లైన్‌లో అరగంట నడిపి ఎక్కడ ఆగుతుందో మార్పిడి గడువు దాటకముందే చూసుకోవాలి. నిర్మాణ సంస్థ పేరు మీద కొనేవారు జీఎస్‌టీ నంబరుతో బిల్లు తీసుకుంటే 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ కోరవచ్చు.